3422 డిగ్రీల లోహం 1300 దగ్గరే ఎందుకు మారిపోతుంది?

1928లో అమెరికాలోని ఒక ఫెడరల్ అప్పీళ్ల కోర్టు టంగ్‌స్టన్ మీద తీర్పు ఇచ్చింది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన విలియం కూలిడ్జ్‌కు 1913లో వచ్చిన పేటెంటు గురించిన వివాదం అది. బల్బులో ఫిలమెంటుగా వాడేందుకు, వంచినా విరగని టంగ్‌స్టన్ తీగను ఆయన తయారు చేశారు. సాగడం, వంగడం స్వచ్ఛమైన టంగ్‌స్టన్‌కు ప్రకృతి ఇచ్చిన గుణాలేనని, కూలిడ్జ్ వాటిని బయటపెట్టారే తప్ప సృష్టించలేదని, కాబట్టి ఆ లోహం మీద హక్కు చెల్లదని కోర్టు తేల్చింది.

చట్టం సంగతి ఎలా ఉన్నా, లోహశాస్త్రం ప్రకారం ఆ వాదన నిలవదు. స్వచ్ఛమైన టంగ్‌స్టన్ పొడిని అచ్చులో ఒత్తి, కొలిమిలో కాల్చి దిమ్మ చేస్తే, అది గది ఉష్ణోగ్రతలో సుత్తి దెబ్బకు ముక్కలవుతుంది. ఆ దిమ్మనే వేడి మీద సాగగొట్టి, డైల (సన్నని రంధ్రాలున్న గట్టి అచ్చుల) గుండా లాగి సన్నని తీగ చేస్తే వేలికి చుట్టుకోవచ్చు. ఆ తీగను మళ్లీ 2000 డిగ్రీలకు పైగా వేడి చేసి చల్లారిస్తే తిరిగి పెళుసుబారుతుంది. ఈ మూడు దశల్లోనూ పరమాణువులు అవే. మారింది లోపలి అమరిక. వంగే గుణం టంగ్‌స్టన్ అనే మూలకానిది కాదు, ఆ అమరికది.

లోహాలన్నిటిలోకీ ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర, 3422 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగేది టంగ్‌స్టనే. సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, దాదాపు బంగారంతో సమానం. వేడిని కూడా బాగానే మోస్తుంది. ఈ మూడు గుణాలు చూసి, భరించలేని వేడి ఎక్కడుంటే అక్కడ టంగ్‌స్టన్ పెడితే సరిపోతుందని అనుకోవడం సహజం. కానీ ఆ లోహంతో పనిచేసేవాళ్లు 3422 గురించి పెద్దగా పట్టించుకోరు. వాళ్లకు టెన్షన్ పెట్టే అంకెలు వేరే రెండు ఉన్నాయి. ఒకటి, లోహం పెళుసుదనం వదిలి సాగడం మొదలుపెట్టే ఉష్ణోగ్రత. రకాన్ని బట్టి ఇది చాలాసార్లు 200 నుంచి 400 డిగ్రీల మధ్య, కొన్నిసార్లు ఇంకా పైన ఉంటుంది. రెండోది, లోపలి నిర్మాణం చెదిరి కొత్తగా పేర్చుకునే ఉష్ణోగ్రత. సాధారణంగా 1200, 1300 డిగ్రీల దగ్గర ఇది జోరందుకుంటుంది. నమ్మకంగా వాడుకోగల టంగ్‌స్టన్ ఈ రెండిటి మధ్యే ఉంది. ఆ పైన కరిగేదాకా ఉన్న రెండు వేల డిగ్రీలు కాగితం మీద ఉన్నట్టు కనిపిస్తాయి గానీ, ఆ మేరకు లోహాన్ని వాడుకోవాలంటే నిర్మాణాన్ని కాపాడే ఉపాయం ఏదో ఒకటి ఉండాలి.

పెళుసుదనం ఎక్కడి నుంచి వస్తుంది

మామూలుగా దొరికే లోహపు ముక్క ఒకే స్ఫటికం కాదు. లక్షల కొద్దీ చిన్న స్ఫటికాలు, అంటే గ్రెయిన్లు, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. ఒక్కో గ్రెయిన్‌లో పరమాణువుల వరుసలు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి. రెండు గ్రెయిన్లు కలిసే చోట వరుసలు సరిపడవు, అక్కడ సరిహద్దు ఏర్పడుతుంది. గ్రెయిన్ లోపల కూడా వరుసలు అక్కడక్కడా తప్పి ఉంటాయి. ఈ తప్పిన గీతలే డిస్‌లొకేషన్లు. లోహం వంగుతోందంటే ఈ గీతలు లోపల కదులుతున్నాయని అర్థం. అవి కదలకపోతే వంగడం కుదరదు, అప్పుడు మిగిలేది విరగడమే.

రాగిలో, బంగారంలో డిస్‌లొకేషన్లు ఎంత చలిలోనైనా తేలిగ్గా జారతాయి. టంగ్‌స్టన్ స్ఫటికం వేరే రకం: ఘనం మూలల్లో ఒక్కో పరమాణువు, మధ్యలో ఇంకొకటి. ఈ అమరికలో స్క్రూ డిస్‌లొకేషన్ అనే రకం గీత నడిమి భాగం ఒకే తలంలో ఉండక మూడు తలాల్లోకి పరుచుకుంటుంది. అది ఒక అడుగు ముందుకు వేయాలంటే బయటి బలం చాలదు, పరమాణువుల ఉష్ణ కంపనం సాయం కావాలి. చలిలో ఆ సాయం దొరకదు. పగులు మొన దగ్గర ఒత్తిడి పోగవుతుంటే, దాన్ని మొద్దుబార్చడానికి డిస్‌లొకేషన్లు సమయానికి చేరుకోలేవు. పగులు సాగిపోతుంది. కరిగే ఉష్ణోగ్రతను అంత పైకి తీసుకెళ్లిన బలమైన బంధాలే ఈ కదలికనూ కష్టం చేస్తున్నాయి. అంటే టంగ్‌స్టన్ గొప్పతనం, బలహీనత రెండూ ఒకే చోట పుట్టాయి.

దీనికి తోడు గ్రెయిన్ సరిహద్దులు. ఆక్సిజన్, ఫాస్ఫరస్ వంటి మలినాలు పది లక్షల్లో కొన్ని వంతులే ఉన్నా, అవి లోహమంతా సమంగా పరుచుకోవు, సరిహద్దుల దగ్గరకు చేరతాయి. గ్రెయిన్లు పెద్దవయ్యే కొద్దీ మొత్తం సరిహద్దు వైశాల్యం తగ్గుతుంది, ఉన్న మలినమంతా ఆ కొద్దిపాటి చోట పేరుకుంటుంది. అందుకే ముతక గ్రెయిన్లు ఉన్న టంగ్‌స్టన్ విరిగినప్పుడు, విరిగిన ముఖం మీద గ్రెయిన్లు చెక్కుచెదరకుండా విడివిడిగా కనిపిస్తాయి. విరిగింది లోహం కాదు, గ్రెయిన్ల మధ్య అతుకు.

ఇక్కడే టంగ్‌స్టన్ మిగతా లోహాలకు ఎదురు తిరుగుతుంది. రాగి తీగను అటూ ఇటూ వంచితే గట్టిపడి చివరికి విరుగుతుంది. కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడి దారికొస్తుంది. కంసాలికైనా, కంచరికైనా తెలిసిన పని ఇది. టంగ్‌స్టన్‌లో లెక్క తిరగబడుతుంది. ఎంత ఎక్కువగా రోలింగ్ చేస్తే, అంటే రోలర్ల మధ్య నొక్కి పలచబరిస్తే, ఎంత సన్నగా లాగితే, అంత బాగా వంగుతుంది. కాల్చి మెత్తబరిస్తే పెళుసవుతుంది. రోలింగ్‌లో గ్రెయిన్లు చదునుగా, సన్నగా, పొడవుగా సాగుతాయి. లోపల కదలగల డిస్‌లొకేషన్లు కోకొల్లలుగా పుడతాయి. పగులుకు ఎదురుగా అడ్డంగా దొరికే సరిహద్దులు తగ్గిపోతాయి. జర్మనీలోని కార్ల్‌స్రూహె పరిశోధకులు 0.1 మి.మీ. మందానికి కోల్డ్ రోలింగ్ చేసిన టంగ్‌స్టన్ రేకును గది ఉష్ణోగ్రతలోనే వంచి చూపించారు. ఆ రేకును బాగా కాల్చాక అలా వంచడం కుదరదు.

తీగ లోపలి పొటాషియం బుడగలు

1904లో అలెగ్జాండర్ జస్ట్, ఫ్రాన్యో హనమాన్ అనే ఇద్దరు టంగ్‌స్టన్ ఫిలమెంటుకు పేటెంటు తీసుకున్నప్పుడు, తీగ లాగడం అనే మాటే లేదు. పొడిని బంకతో కలిపి ముద్ద చేసి, సన్నని రంధ్రం గుండా పిండి, కాల్చి ఫిలమెంటు చేసేవారు. వెలుగు బాగానే ఇచ్చేది, ఊపితే మాత్రం విరిగేది. కూలిడ్జ్ చేసింది ఏమిటంటే, కాల్చిన కడ్డీని వేడి మీద చుట్టూ కొడుతూ సన్నబరచడం, తర్వాత వజ్రపు డైల గుండా లాగడం. ప్రతి దశలోనూ వేడిని కాస్త కాస్త తగ్గిస్తూ రావడమే అందులో అసలు కిటుకు. లోహం సాగేంత వేడి ఉండాలి, నిర్మాణం మళ్లీ పేర్చుకునేంత ఉండకూడదు. దశలు గడిచే కొద్దీ గ్రెయిన్లు పీచులా సన్నబడతాయి, సాగే ఉష్ణోగ్రత దిగుతూ వస్తుంది. చివరికి మామూలు గదిలో వంగే తీగ చేతికొస్తుంది.

కానీ బల్బు వెలిగించగానే ఈ శ్రమంతా వృథా అయ్యే ప్రమాదం ఉంది. ఇంట్లో వెలిగే బల్బు ఫిలమెంటు 2400 డిగ్రీల పైన ఉంటుంది. కెల్విన్ లెక్కలో చూస్తే అది కరిగే ఉష్ణోగ్రతలో దాదాపు నాలుగింట మూడు వంతులు. 0.05 మి.మీ. కంటే సన్నని తీగ ఆ వేడిలో వందల గంటలు తన బరువు తానే మోయాలి. పీచు లాంటి గ్రెయిన్లు ఆ వేడికి చెదిరి గుండ్రంగా పెరుగుతాయి. అవి చిన్నగా ఉంటే సరిహద్దుల వెంట జారి, చుట్ట వేలాడిపోతుంది. తీగ మందమంతా ఆక్రమించేంత పెద్దవైతే, ఒక గ్రెయిన్‌కూ ఇంకొకదానికీ మధ్య సరిహద్దు తీగకు అడ్డంగా కోసినట్టు నిలుస్తుంది. ఆ కోత వెంట రెండు ముక్కలూ పక్కకు జరుగుతాయి, అక్కడ తీగ సన్నబడి, వేడెక్కి, తెగిపోతుంది.

దీనికి జవాబు కొంత అనుకోకుండా దొరికింది. లండన్‌లోని బాటర్‌సీలో తయారైన మట్టి మూసల్లో టంగ్‌స్టన్ ఆక్సైడును వేడి చేసినప్పుడు, ఆ పొడితో చేసిన తీగలు మిగతావాటికన్నా బాగా నిలిచేవి. మూస నుంచి ఏదో లోహంలోకి చేరుతోందన్నమాట. తర్వాత జనరల్ ఎలక్ట్రిక్‌లోనే పనిచేసిన అలదార్ పాట్స్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆక్సైడులో క్షార సిలికేట్లు కావాలనే కలిపి, వేలాడని తీగను సాధించారు. 218 అనే పేరుతో ఆ తీగ పేరుపడింది. పరిశ్రమ క్రమంగా అల్యూమినియం, పొటాషియం, సిలికాన్ మూడూ కలిపే పద్ధతికి స్థిరపడింది. అది ఎందుకు పనిచేస్తుందో మాత్రం దశాబ్దాల పాటు ఎవరికీ అంతు చిక్కలేదు. తీగను పరీక్షిస్తే కలిపినవేవీ పెద్దగా కనిపించేవి కావు. 1960ల తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే గానీ గుట్టు బయటపడలేదు.

జరిగేది ఇది. దిమ్మను కాల్చేటప్పుడు అల్యూమినియం, సిలికాన్ ఆవిరై దాదాపు పూర్తిగా వెళ్లిపోతాయి. పొటాషియం పరమాణువు పెద్దది, టంగ్‌స్టన్‌లో కరగదు, దాని గుండా బయటికి రాలేదు. చిన్న రంధ్రాల్లో చిక్కుకుపోతుంది. పది లక్షల వంతుల్లో అరవై, డెబ్బై వంతులు మిగిలితే చాలు. తీగ లాగేటప్పుడు ఆ రంధ్రాలు కూడా లోహంతో పాటు సాగి, తీగ పొడవునా అతి సన్నని గొట్టాలవుతాయి. మళ్లీ వేడి తగలగానే ఒక్కో గొట్టం తెగి, కొన్ని పదుల నానోమీటర్ల బుడగల వరుసగా మారుతుంది. పొటాషియం 759 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి బుడగ నిండా అధిక పీడనంలో ఉన్న ఆవిరి ఉంటుంది. ఎంత వేడిలోనూ బుడగ మూసుకుపోదు.

ఈ వరుసలన్నీ తీగకు సమాంతరంగా ఉన్నాయి. గ్రెయిన్ సరిహద్దు పక్కకు జరగాలంటే వరుస వెంట వరుస దాటాలి, ప్రతి బుడగా దాన్ని పట్టి ఆపుతుంది. పొడవునా జరగడానికి అంత అడ్డు లేదు. ఫలితంగా గ్రెయిన్లు పెరిగినా తీగ పొడవునా పొడుగ్గా పెరుగుతాయి, సరిహద్దులు ఒకదానిలోకి ఒకటి గీరుకుని పళ్లు కరుచుకున్నట్టు ఉంటాయి. అడ్డంగా కోసినట్టుండే సరిహద్దు రాదు. తీగ వేలాడదు.

పదార్థ శాస్త్రంలో ఇంత చక్కని పరిష్కారాలు అరుదు. ఒక మలినాన్ని లోహంలో కరిగించకుండా, బయటికి పోనివ్వకుండా, తయారీలో పడే ప్రతి దెబ్బనూ వాడుకుని సరైన దిక్కులో పేర్చడం! పాత బల్బును ఆర్పి తట్టినప్పుడు ఫిలమెంటు తెగిపోవడం చాలా ఇళ్లలో చూసిందే. వేడిలో వేలాడకుండా చేసిన ఆ పెద్ద గ్రెయిన్లే చలిలో పెళుసుగా ఉంటాయి. ఈ పద్ధతి వేడి వైపు సమస్యను తీర్చింది, చలి వైపు సమస్యను అలాగే వదిలేసింది. బల్బుకు అది సరిపోయింది.

అందరికీ సరిపోదు. సీటీ స్కాన్ యంత్రంలో ఎక్స్‌రే పుట్టించే తిరుగుడు పళ్లెం మీద ఎలక్ట్రాన్ కిరణం ఒక చిన్న మచ్చలా పడుతుంది. ప్రతి చుట్టుకూ ఆ చోటు వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కుతుంది. శుద్ధ టంగ్‌స్టన్ అయితే త్వరగా పగుళ్లిచ్చి గరుకవుతుంది, పగుళ్ల లోతుల్లో పుట్టిన ఎక్స్‌రేలు గోడల్లోనే ఇంకిపోతాయి. అందుకే 5 నుంచి 10 శాతం రీనియం కలుపుతారు. రీనియం డిస్‌లొకేషన్ల కదలికను తేలిక చేసి పగుళ్లను ఆలస్యం చేస్తుంది. రీనియం అరుదైనది, ఖరీదైనది. పళ్లెం వరకూ అయితే పర్వాలేదు.

యుద్ధ ట్యాంకు కవచాన్ని ఛేదించే కడ్డీల్లో మరో దారి పట్టారు. 90 శాతానికి పైగా టంగ్‌స్టన్, మిగతాది నికెల్, ఇనుము వంటివి. కాల్చేటప్పుడు నికెల్, ఇనుము కరిగి ద్రవమవుతాయి, టంగ్‌స్టన్ గ్రెయిన్లు అందులో గుండ్రంగా పెరుగుతాయి. చల్లారాక గట్టి గుళ్ల మధ్య సాగే లోహం నిండి ఉంటుంది. రెండు టంగ్‌స్టన్ గుళ్లు నేరుగా తాకిన చోటే బలహీనత, అందుకని ఆ తాకిళ్లు ఎంత తక్కువైతే అంత మంచిది. ఈ మిశ్రలోహం మీద మన దేశంలో ప్రధానంగా కృషి చేసింది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల, అంటే డీఎంఆర్ఎల్. తిరుచిరాపల్లిలోని హెవీ అల్లాయ్ పెనెట్రేటర్ ప్రాజెక్టులో ఈ రకం కడ్డీలు తయారవుతాయి. కవచాన్ని తాకినప్పుడు టంగ్‌స్టన్ కడ్డీ ముందు భాగం పుట్టగొడుగులా ఉబ్బుతుంది. యురేనియం కడ్డీలో మాత్రం సన్నని పట్టీల వెంట లోహం జారి ఊడిపోయి మొన పదునుగానే ఉంటుంది. టంగ్‌స్టన్‌ను కూడా అలా ప్రవర్తించేలా చేయడం కోసం జరుగుతున్న ప్రయత్నాలన్నీ గ్రెయిన్ పరిమాణం, ఆకారం చుట్టూనే తిరుగుతున్నాయి.

డైవర్టర్ దిమ్మ

ఇప్పుడు టంగ్‌స్టన్‌కు ఎదురవుతున్న అన్నిటికన్నా కఠినమైన పరీక్ష, తేలిక పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే ఫ్యూజన్ రియాక్టరు. ఫ్రాన్స్‌లోని కాడరాష్ దగ్గర కడుతున్న ఈటర్ అనే రియాక్టరులో, ప్లాస్మా (విద్యుదావేశం పొందిన అతి వేడి వాయువు) నుంచి వచ్చే వేడి, బూడిదలా మిగిలే హీలియం చివరికి చేరే చోటును డైవర్టర్ అంటారు. అక్కడ ప్రతి చదరపు మీటరుకు నిలకడగా 10 మెగావాట్లు, ఒక్కోసారి కొన్ని సెకన్ల పాటు 20 మెగావాట్ల వేడి పడుతుందని లెక్క కట్టారు. సూర్యుడి ఉపరితలం చదరపు మీటరుకు సుమారు 63 మెగావాట్లు వెదజల్లుతుంది. అందులో మూడో వంతును ఒక ఘన పదార్థం గోడగా నిలబడి తీసుకోవాలి. మొదటి ప్రణాళికలో మిగతా గోడకు బెరీలియం అనుకున్నారు. 2024లో వెల్లడించిన కొత్త ప్రణాళికలో అదీ టంగ్‌స్టనే అయింది.

డైవర్టర్ ముఖాన్ని మోనోబ్లాకులు అనే చిన్న దిమ్మలతో కడతారు. ఒక్కోటి అడ్డంగా సుమారు మూడు సెంటీమీటర్లు, మందం ఒక సెంటీమీటరు పైచిలుకు. మధ్యలో రంధ్రం, అందులో రాగి మిశ్రలోహపు గొట్టం, గొట్టంలో పీడనంతో పరుగెత్తే నీరు. పై ముఖానికీ గొట్టానికీ మధ్య ఉన్న టంగ్‌స్టన్ మందం ఆరు మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. 20 మెగావాట్లు పడినప్పుడు పై ముఖం 2000 డిగ్రీల దగ్గరకు చేరుతుంది, గొట్టం పక్కన కొన్ని వందల డిగ్రీలే ఉండాలి, లేకపోతే రాగి మెత్తబడుతుంది. అంటే ఒకే దిమ్మలో, ఆరు మిల్లీమీటర్ల దూరంలో, టంగ్‌స్టన్ తన పెళుసు దశ నుంచి, సాగే దశ మీదుగా, నిర్మాణం చెదిరే దశ దాకా మూడూ ఒకేసారి చూస్తోంది.

ఇక్కడ గ్రెయిన్ల దిక్కు ప్రాణాధారం. రోలింగ్ చేసిన పలకలో గ్రెయిన్లు ఒకే దిక్కున సాగి ఉంటాయి. కట్టెను పీచు వెంట చీల్చడం ఎంత తేలికో, ఈ పలక కూడా గ్రెయిన్ల వెంట అంత తేలికగా చీలుతుంది. పలకను పడుకోబెట్టి దాని ముఖం ప్లాస్మా వైపు పెడితే, పగులు ముఖానికి సమాంతరంగా పొరలా లేస్తుంది. ఆ పొర కిందికి వేడి దిగే దారి మూసుకుపోతుంది, పొర వేడెక్కి కరిగిపోతుంది. అందుకని గ్రెయిన్లు ముఖం నుంచి గొట్టం వైపు నిట్టనిలువుగా, వేడి ప్రవహించే దిక్కునే ఉండేలా దిమ్మను కోయాలని ఈటర్ నిబంధన పెట్టింది. పగులు రాకుండా ఆపలేమని ఒప్పుకుని, వచ్చినా వేడి దారికి అడ్డం పడని దిక్కుకు దాన్ని మళ్లించారు. ఇది రాజీ అనిపించవచ్చు గానీ, ఈ లోహంతో మనకున్న వాస్తవాన్ని నిజాయితీగా చూసి తీసుకున్న నిర్ణయం.

20 మెగావాట్ల దగ్గర వందల సార్లు వేడి చేసి చల్లార్చిన పరీక్షల్లో ఆ పగులు నిజంగానే వచ్చింది. చాలా దిమ్మల్లో ముఖం మధ్య నుంచి గొట్టం వైపు ఒకే ఒక్క లోతైన పగులు. కారణం వెతికితే మళ్లీ నిర్మాణం కొత్తగా పేర్చుకోవడం, అంటే రీక్రిస్టలైజేషన్ దగ్గరికే వస్తుంది. పై పొర 1300 దాటగానే రోలింగ్‌లో వచ్చిన నిర్మాణం చెరిగిపోయి, కొత్త గ్రెయిన్లు గుండ్రంగా పుట్టి పెరుగుతాయి. ఈ కొత్త పొర మెత్తన. వేడిలో వ్యాకోచించాలని చూస్తుంది, కింది చల్లని లోహం కదలనివ్వదు, అందుకని నలిగి కుదించుకుపోతుంది. చల్లారేటప్పుడు ఆ నలిగిన పొర తక్కువ పొడవుతో మిగులుతుంది కాబట్టి లాగుడు పుడుతుంది. మెత్తని పొర ప్రతి చక్రంలోనూ ఎక్కువగా నలుగుతుంది, అలసట పోగవుతుంది. చల్లారి పెళుసు దశకు రాగానే ఆ లాగుడే పగులును తెరుస్తుంది. దిమ్మ వేడికి విరగడం లేదు. వేడి దాని నిర్మాణాన్ని చెరిపేశాక, చల్లారేటప్పుడు విరుగుతోంది. పగులు నిలువుగా ఉండడం వల్ల ఆ దిమ్మలు పగిలాక కూడా వేడిని మోస్తూనే ఉన్నాయన్నది ఊరట కలిగించే విషయం.

ప్లాస్మా అంచు అప్పుడప్పుడూ ఒక్క మిల్లీసెకనులో పెద్ద ఎత్తున శక్తిని విదిలిస్తుంది. ఇలాంటి దెబ్బలు లక్షల సంఖ్యలో పడితే, ఒక్కో దెబ్బ చిన్నదైనా, ముఖం మీద వలలాంటి పగుళ్లు పరుచుకుంటాయి. జర్మనీలోని యూలిష్ పరిశోధనా కేంద్రంలో ఎలక్ట్రాన్ కిరణాలతో చేసిన పరీక్షలు చూపించిందేమిటంటే, దెబ్బ పడే ముందు లోహం సాగే ఉష్ణోగ్రత కన్నా పైన ఉంటే పగుళ్లు గణనీయంగా తగ్గుతాయి. టంగ్‌స్టన్ గోడను కాపాడాలంటే దాన్ని చల్లగా ఉంచకూడదన్నమాట.

కాడరాష్‌లోనే ఉన్న వెస్ట్ అనే చిన్న టోకమాక్ (ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే వలయాకార యంత్రం) లోపలంతా ప్రధానంగా టంగ్‌స్టనే. 2025 ఫిబ్రవరి 12న అది 1337 సెకన్ల పాటు, అంటే 22 నిమిషాలకు పైగా ప్లాస్మాను నిలబెట్టింది. నిలకడ వేడి విషయంలో ఈ లోహం మీద నమ్మకం పెంచిన ఫలితం ఇది. ఇంధనం నిజంగా మండే రియాక్టరులో ఉండే రెండు శత్రువులు మాత్రం అందులో పూర్తి స్థాయిలో లేవు.

హీలియం, న్యూట్రాన్లు

మొదటిది హీలియం. ఏ లోహంలోనూ ఇమడని వాయువు అది. టంగ్‌స్టన్‌లోకి దూరిన హీలియం పరమాణువులు ఖాళీ చోటు దొరక్కపోయినా ఒకదాని పక్కకు ఒకటి చేరతాయి. నాలుగైదు గుమిగూడాక, అడ్డంగా ఉన్న టంగ్‌స్టన్ పరమాణువును దాని స్థానం నుంచి నెట్టేసి, తమ ఖాళీని తామే తయారు చేసుకుంటాయి. అక్కడి నుంచి బుడగ పెరుగుతుంది. ఇది కూడా బుడగే, ఫిలమెంటులోని పొటాషియం బుడగ లాంటిదే. కానీ ఇక్కడ వాటి చోటును, దిక్కును, సంఖ్యను నిర్ణయించింది మనిషి కాదు. ముఖం ఉష్ణోగ్రత సుమారు 700 నుంచి 1700 డిగ్రీల మధ్య ఉండి, హీలియం అయాన్లు పడుతూనే ఉంటే, నిగనిగలాడే లోహపు ముఖం నల్లబడుతుంది. మైక్రోస్కోపులో చూస్తే పదుల నానోమీటర్ల మందం ఉన్న తీగలు అల్లుకుపోయి కనిపిస్తాయి. దీన్ని ఫజ్ అంటున్నారు. అయాన్ల శక్తి టంగ్‌స్టన్ పరమాణువులను ఎగరగొట్టడానికి చాలకపోయినా ఈ నూగు పెరుగుతుంది. జపాన్‌లోని నగోయాలో, తర్వాత అమెరికాలోని శాన్ డియాగోలో ప్రయోగశాలల్లో దీన్ని చూశారు. 2012లో అమెరికాలోని ఆల్కేటర్ సీ-మాడ్ టోకమాక్ లోపల కూడా పెంచి చూపించారు. ఇందులో వేడి సరిగా పారదు, విద్యుత్ ఆర్కులు తేలిగ్గా పుడతాయి.

రెండోది న్యూట్రాన్. హైడ్రోజన్‌లోని బరువైన రూపాలు డ్యుటీరియం, ట్రిటియం కలిసినప్పుడు 14.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో బయటికి వస్తుంది. అది పరమాణువులను వాటి చోటుల నుంచి గెంటేస్తుంది. ఖాళీలు, అదనపు పరమాణువుల గుంపులు, సూక్ష్మ రంధ్రాలు మిగులుతాయి. డిస్‌లొకేషన్లకు ఇవన్నీ అడ్డంకులే, కాబట్టి లోహం గట్టిపడి, సాగే ఉష్ణోగ్రత పైకి ఎగబాకుతుంది. ఖాళీల్లో ట్రిటియం ఇరుక్కుంటుంది. అంతకన్నా మొండి సమస్య ఇంకోటుంది. న్యూట్రాన్ తగిలిన టంగ్‌స్టన్‌లో కొంత భాగం రీనియంగా, ఆ రీనియంలో కొంత ఆస్మియంగా మారిపోతుంది. ఏళ్ల తరబడి నడిచే విద్యుత్ రియాక్టరులో ఇది కొన్ని శాతాలకు చేరుతుందని అంచనాలు. ఎక్స్‌రే పళ్లెంలో మేలు చేసిన రీనియమే ఇక్కడ కీడు చేస్తుంది. మామూలుగా అయితే పాతిక శాతం దాకా రీనియం టంగ్‌స్టన్‌లో హాయిగా కరిగి ఉంటుంది. న్యూట్రాన్ల తాకిడిలో మాత్రం, కొన్ని శాతాలే ఉన్నా, విడివడి గట్టి, పెళుసు కణాలుగా పోగుపడుతుంది. ఒకే మూలకం కరిగి ఉంటే మందు, పోగుపడితే విషం.

ఈ దాడిని తట్టుకోవడానికి వెతుకుతున్న దారుల్లో చాలా వరకు గ్రెయిన్లను సన్నగా ఉంచడం, ఉంచినవాటిని పెరగకుండా పట్టడం మీదే నడుస్తున్నాయి. జపాన్‌లో టైటానియం కార్బైడ్ నలుసులు కలిపి సన్నని గ్రెయిన్ల టంగ్‌స్టన్ చేశారు. సరిహద్దులు ఎక్కువ ఉంటే న్యూట్రాన్లు చేసిన ఖాళీలు అక్కడికి చేరి మాయమయ్యే అవకాశం ఎక్కువ. కార్ల్‌స్రూహెలో వంగే రేకులను పొరలుగా పేర్చి పలకలు, గొట్టాలు చేశారు. రియాక్టరులోకి గాలి చొరబడే ప్రమాదం జరిగితే టంగ్‌స్టన్ ఆక్సైడై ఆవిరిగా లేచిపోతుంది కాబట్టి, క్రోమియం, యిట్రియం కలిపి రక్షణ పొర కట్టే మిశ్రమాలనూ పరీక్షిస్తున్నారు.

వీటిలో అన్నిటికన్నా ఆశ కలిగిస్తున్నది, కనీసం ఈ రచయిత దృష్టిలో, జర్మనీలోని గార్షింగ్, యూలిష్ బృందాలు చేస్తున్న పీచు టంగ్‌స్టన్. 0.15 మి.మీ. మందం ఉన్న తీగలను టంగ్‌స్టన్‌లోనే పొదుగుతారు. తీగకూ చుట్టూ ఉన్న లోహానికీ మధ్య యిట్రియం ఆక్సైడు లాంటి సన్నని పూత ఉంటుంది. పెళుసు లోహంలో మొదలైన పగులు తీగ దగ్గరకొచ్చాక పూత వెంట పక్కకు తిరుగుతుంది, తీగ తెగకుండా పగులుకు రెండు ఒడ్డులనూ పట్టి ఉంచుతుంది. దిమ్మ ఒక్కసారిగా రెండుగా విరగదు. ఆ తీగలుగా వాడుతున్నది బల్బుల కోసం పుట్టిన పొటాషియం తీగే. 2000 డిగ్రీలకు దగ్గరగా కాల్చినా దానిలో సాగే గుణం చాలా వరకు మిగులుతుందని పరీక్షల్లో తేలింది. బల్బుల పరిశ్రమ మూతపడుతున్న కాలంలో, ఆ పరిశ్రమ వందేళ్లు పోగుచేసిన తయారీ నైపుణ్యం కూడా దానితో పాటు చెల్లాచెదురైతే పెద్ద నష్టమే. ఇలాంటి తీగను మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడం చిన్న విషయం కాదు.

అయితే ఈ రకాలన్నిటిలో ఏది నిలుస్తుందో తేల్చే పరీక్షకు కావలసిన పరికరం ఇంకా సిద్ధం కాలేదు. ఫ్యూజన్ న్యూట్రాన్లను తగినంత తీవ్రతతో పుట్టించే కేంద్రం ప్రపంచంలో ఇప్పుడు ఎక్కడా లేదు. స్పెయిన్‌లోని గ్రెనడా దగ్గర ఇఫ్మిఫ్-డోన్స్ అనే కేంద్రాన్ని ఇందుకోసమే కడుతున్నారు. ద్రవ లిథియం ధార మీదికి డ్యుటీరాన్ల (డ్యుటీరియం కేంద్రకాల) కిరణాన్ని వదిలి అలాంటి న్యూట్రాన్లను పుట్టించడం దాని పని. అది వచ్చేదాకా పరిశోధకులకు రెండే దారులు. మామూలు అణు రియాక్టరులో పెడితే నెమ్మది న్యూట్రాన్లు ఎక్కువ కాబట్టి రీనియం అవసరానికి మించి పుడుతుంది. బరువైన అయాన్ల కిరణంతో కొడితే నష్టం త్వరగా జరుగుతుంది గానీ, ముఖం నుంచి కొన్ని మైక్రోమీటర్ల లోతుకే పరిమితం. చాలా పలకల్లో ఆ లోతు ఒక్క గ్రెయిన్‌ను కూడా దాటదు. వజ్రపు మొనతో గుచ్చి అది ఎంత గట్టిపడిందో కొలవవచ్చు. గ్రెయిన్ల మధ్య అతుకు ఎంత బలహీనపడిందో, ఆరు మిల్లీమీటర్ల దిమ్మ ఏ ఉష్ణోగ్రత దగ్గర పెళుసుబారుతుందో ఆ పొరను చూసి చెప్పడం కుదరదు.